గుడిసె ఎవరి సంప్రదాయం? మట్టిగోడ, పెంకు, సిమెంటు రేకు: ఒక దళిత చరిత్ర

ఈ మధ్య గుడిసెకి మర్యాద పెరిగింది. ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులు మెళ్ళో కెమెరాలేసుకుని పల్లెలకొస్తున్నారు. మట్టిగోడ మందం టేపు పెట్టి కొలుస్తున్నారు. తాటాకు కప్పు కింద ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో రాసుకుపోతున్నారు. సిమెంటు ఇల్లు ఒంటికి మంచిది కాదనీ, మట్టి గాలి పీల్చి వదులుతుందనీ, మన పూర్వీకులు ఎంత తెలివిగలవాళ్ళోననీ వ్యాసాలొస్తున్నాయి. నగరాల శివార్లలో మట్టి కాటేజీలు కట్టి రోజుకింత అని అద్దెకిస్తున్నారు. మా నాయనమ్మ బతికుంటే ఆ అద్దె విని నవ్వి ఉండేది.

ఇందులో అబద్ధమేమీ లేదు. మట్టిగోడ మంచిదే. రెండడుగుల మట్టిగోడ మధ్యాహ్నపు ఎండని లోపలికి రానివ్వదని సైన్సు చెప్పక ముందే మన ఆడవాళ్ళకి తెలుసు. నా గొడవ మట్టితో కాదు. ఆ వ్యాసాల్లో ఒక ప్రశ్న ఎక్కడా కనపడదు, దానితో. ఆ గుడిసెలో ఉన్నవాళ్ళు దాన్ని ఎంచుకున్నారా? ఎంచుకునే వీలు వాళ్ళకెప్పుడైనా ఉందా? పక్కనే ఊళ్ళో పెంకుటిల్లు, మిద్దె, మేడ ఉన్నప్పుడు మాలపల్లె, మాదిగపల్లె మొత్తం తాటాకు కింద ఎందుకున్నాయి? పేదరికం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పేదరికం ఉంది. కాని పేదరికమే అయితే రెండు కాసులు కూడబెట్టినవాడన్నా ఒకడు పెంకు వేసుకోవాలి కదా. వేసుకున్నవాడికి ఏమైంది అన్న దగ్గర చరిత్ర మొదలవుతుంది.

ముందు స్థలం సంగతి చూడాలి, కప్పు సంగతి తర్వాత. చండాలుడు ఊరి బయట ఉండాలని మనుధర్మశాస్త్రం పదో అధ్యాయం చెప్పింది. వాడికి పగిలిన కుండలు, కుక్కలు, గాడిదలే ఆస్తి అని కూడా అక్కడే ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం నగర నిర్మాణం గురించి చెప్తూ రాజుకి ఎక్కడ, వర్తకుడికి ఎక్కడ, ఏ వర్ణానికి ఏ దిక్కు అని లెక్కలు వేసి, చండాలుర నివాసం శ్మశానం అంచున అని తీర్పిచ్చింది. మన దేశంలో టౌన్ ప్లానింగు ఎప్పుడు మొదలైందని పాఠాలు చెప్పేవాళ్ళు ఈ వాక్యం మీద ఒక్క గంట పాఠం చెప్తే బాగుండు. వాస్తు అంటే దిక్కుల శాస్త్రం అంటారు. దిక్కుల్ని మనుషులకి పంచిన శాస్త్రం అని మనం చదువుకోవాలి.

ఊరి బయట ఉన్న ఆ నేలైనా మనదా? కాదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అనే ఆయన తన జిల్లా పరయల స్థితి మీద ఒక నివేదిక రాశాడు. అందులో బయటపడ్డ విషయాల్లో ముఖ్యమైనది ఇళ్ళ స్థలాలది. పరచేరి ఉన్న నేల కూడా తమదేనని మిరాసీదార్లు వాదించేవాళ్ళు. కూలి తక్కువని నోరెత్తినవాణ్ణి, ఇంకో రైతు దగ్గరికి పోయినవాణ్ణి, క్రైస్తవంలో కలిసినవాణ్ణి ఇల్లు పీక్కుని పొమ్మనడానికి ఆ హక్కు పనికొచ్చేది. ఇళ్ళ స్థలాలకి పట్టాలివ్వాలని ఆయన అడిగితే పైనున్న రెవెన్యూ అధికారులు ఎన్ని అడ్డుపుల్లలు వేశారో రూపా విశ్వనాథ్ 2014లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించింది. అది తమిళ జిల్లా సంగతి కదా అనొచ్చు. ఒకే ప్రెసిడెన్సీ, ఒకే రెవెన్యూ యంత్రాంగం. మిరాసీ అన్న పేరు మన వైపు అంతగా వినపడకపోయినా పాలేరు ఇంటికింద నేల ఆసామిదే అన్న సంగతి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మన తాతలందరికీ తెలుసు.

1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ కింద ఒక శాఖ పెట్టింది. ఆ శాఖ చేసిన ముఖ్యమైన పని అస్పృశ్యులకి ఇళ్ళ స్థలాలు సేకరించి ఇవ్వడం. సహకార సంఘాలు పెట్టి, స్థలం వెలని వాయిదాల మీద మనవాళ్ళ దగ్గరే వసూలు చేసేవాళ్ళు. వెయ్యేళ్ళ పైన ఉన్న నేలని కొనుక్కోమన్నారన్నమాట. అయినా మనవాళ్ళు కొన్నారు. కూలి డబ్బుల్లోంచి అణా అణా కట్టారు. ఎందుకు కట్టారో అర్థమైతే గుడిసె నిర్మాణశాస్త్రం సగం అర్థమైనట్టే. రేపు పొద్దున లేపేస్తారని తెలిసిన నేల మీద ఎవడూ పునాది తవ్వడు. నిట్టాడు పాతి, నాలుగు వాసాలు వేసి, తాటాకు కప్పుకుంటే, పొమ్మన్నప్పుడు కర్రలైనా పీక్కుని పోవచ్చు. తేలిక కట్టడం, తాత్కాలిక కట్టడం, నేలకి బరువవని కట్టడం అని ఇప్పుడు ఆర్కిటెక్టులు ఏ గుణాన్ని మెచ్చుకుంటున్నారో అది బేదఖలు భయం లోంచి పుట్టిన గుణం.

ఇక కప్పు. అస్పృశ్యులు చేస్తే నేరమయ్యే పనుల జాబితా ఒకటి అంబేడ్కర్ తన రచనల్లో ఇచ్చాడు. శుభ్రమైన బట్ట కట్టడం, బంగారం పెట్టుకోవడం, గుర్రమెక్కడం, భూమి కొనడం, వీటితోపాటు పెంకు కప్పిన ఇల్లు కట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. చట్టం పుస్తకంలో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఇది చట్టం కాదనుకోవద్దు. శిక్ష ఉన్నచోట చట్టం ఉన్నట్టే. కేరళలో ఇది భాషలోకే ఎక్కింది. 1887లో వచ్చిన మలబారు మాన్యువల్‌లో లోగన్ రాశాడు: ఒకే ఇంటికి కులాన్ని బట్టి పేరు. పరయుడిదైతే చేరి, పొలంలో బానిసగా ఉన్న చెరుముడిదైతే చాళ, కమ్మరి, కంసాలిదైతే కుడి, నాయరుదైతే వీడు, నంబూద్రిదైతే ఇల్లం, మన. గోడ చూడక్కర్లేదు, కప్పు చూడక్కర్లేదు, ఇంటిపేరు వింటేనే కులం తెలిసిపోవాలి. మన తెలుగులో అంత కచ్చితంగా పంచలేదు గాని, గుడిసె, పాక, ఇల్లు, లోగిలి, మేడ, దివాణం అన్న మాటలు ఎవరి నోట్లో ఎవరికోసం వస్తాయో గమనించండి. పనిమీద పిలవడానికొచ్చినవాడు 'మీ ఇంటికొచ్చాను' అనడు, 'మీ పల్లెకొచ్చాను' అంటాడు. మనకి విడివిడి ఇళ్ళు లేవన్నట్టే.

మా వైపు పెద్దలు చెప్పేదాంట్లో నిషేధం ఇంకాస్త సన్నంగా ఉంటుంది. పెంకు వెయ్యొద్దని ఎవరూ దండోరా వెయ్యలేదు. అరుగు ఎత్తు పెరగకూడదు. చూరు వంగి ఉండాలి, లోపలి మనిషి తలొంచుకుని బయటికి రావాలి. ఊళ్ళోవాళ్ళు దారిన పోతుంటే అరుగు మీద కూచునుండకూడదు, మరి అరుగెందుకు? 'ఏరా, మేడ కడుతున్నావంట' అని ఆసామి నవ్వుతూ ఒక్క మాట అంటే చాలు, ఆ ఏడు పని దొరకదు. మా పల్లెలో మొట్టమొదటి పెంకు కప్పు ఏ మనిషి ఇంటికీ పడలేదు, మిషను బడికి పడింది. ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. ఒంగోలు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు పనిచేసిన చాలా పల్లెల్లో ఇదే కథ వినిపిస్తుంది. దేవుడి పేరుమీద, తెల్లదొర అండన పెంకు ఎక్కింది. మతం మారడం గురించి రాసేవాళ్ళు బియ్యం, గోధుమపిండి గురించి రాశారు గాని, తల వంచకుండా లోపలికి వెళ్ళగలిగిన మొదటి గుమ్మం గురించి రాయలేదు.

ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి. మట్టి తక్కువ కులం వస్తువేమీ కాదు. రాయలసీమ మిద్దెలు మట్టీ రాయీ కలిపి కట్టినవే, వాటిలో రెడ్లూ కరణాలూ తరాల తరబడి బతికారు. ఉత్తరాంధ్ర తీరంలో గాలివానకి తట్టుకునే చుట్టిళ్ళు మట్టివే. తేడా గోడలో లేదు. గోడ కింద నేల ఎవరిది, గోడ ఎత్తెంత, గోడ మీద కప్పేది, గోడ పక్కన నుయ్యి ఉందా అన్నదాంట్లో ఉంది. ఊళ్ళో మట్టిగోడకి గానుగసున్నం పూత, దాని మీద పెంకు, వెనక పెరడు, పెరట్లో బావి. పల్లెలో మట్టిగోడకి పేడ అలుకు, దాని మీద ఆకు, వెనక ఇంకొకడి గోడ. ఫోటో తీస్తే రెండూ 'సంప్రదాయ గృహాలే'.

స్థానికంగా ఊరికే దొరికే వస్తువులతో కట్టుకున్నారు అంటారు. ఊరికే దొరికేదేదో లెక్క చూద్దాం. తాటాకు రెండు మూడేళ్ళకొకసారి మార్చాలి. తాడిచెట్టు గట్టు మీదుంటుంది, గట్టు ఆసామిది. ఆకు కొట్టుకోనిస్తే దానికి బదులు కళ్ళం చెయ్యాలి, లేదా ఆయన పశువుల పాక ముందు నేసి తర్వాత మన ఇల్లు నేసుకోవాలి. వరిగడ్డి కప్పుదామంటే గడ్డివామి మనది కాదు. బోదగడ్డి, రెల్లు పోరంబోకులో, చెరువు గట్టున దొరికేవి. పోరంబోకులు ఆక్రమణలోకి పోయాక అవీ లేవు. మట్టి చెరువులోది. చెరువులో తట్టెడు మన్ను తవ్వుకోవాలన్నా మునసబు చెప్పాలి. నిట్టాడుకీ దూలానికీ ముదురు తాడి కావాలి, అది కొనాల్సిందే. ఇన్నింటికీ వెల ఉంది, వెట్టి రూపంలో. రూపాయి చేతులు మారలేదు కాబట్టి ఖర్చు లేని ఇల్లు అని పుస్తకంలోకెక్కింది.

ఆడవాళ్ళ పని ఈ లెక్కలోకి రానే రాదు. మట్టి తొక్కేది, నీళ్ళు మోసేది, గోడ మెత్తేది ఆడవాళ్ళు. వానాకాలం అయ్యాక కరిగిన గోడ అడుగుని మళ్ళీ మెత్తాలి. వారానికోసారి పేడతో అలకాలి, లేకపోతే నేల దుమ్ము లేస్తుంది. మంచి అలుకు మీద ఎర్రమన్ను పట్టె, తెల్లముగ్గు వేస్తే ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు, అది చూసే పెరిగాను. ఆ అందాన్ని నేను కాదనను. పొద్దున కలుపు తీతకి పోయి వచ్చిన మనిషి చీకట్లో వేసిన అలుకు అది. ఆ చేతికున్న నేర్పుకి మేస్త్రి అన్న పేరు ఎవరూ పెట్టలేదు, కూలీ కట్టలేదు. ఇవాళ మట్టి పూతల మీద వర్క్‌షాపులు జరుగుతున్నాయి, ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు. నేర్పేవాళ్ళలో మన పల్లెల ఆడవాళ్ళు ఎంతమందో చూడాలి.

ఆరోగ్యం మాటకొస్తే, గుడిసెలో చల్లదనం నిజమే, పొగ కూడా నిజమే. వంగిన చూరు, కిటికీ లేని గోడ, ఒకే గదిలో పొయ్యి. తాటాకులో జెర్రులు, తేళ్ళు. వానొస్తే కారే చోట్ల గిన్నెలు పెట్టి, కారని మూలన పిల్లల్ని పడుకోబెట్టడం. చీకటి ఇంట్లో క్షయరోగి పక్కన పసిపిల్లలు. మట్టిగోడ ఆరోగ్యం అన్నప్పుడు ఎవరి మట్టిగోడ, కిటికీ ఉన్నదా లేనిదా అని అడగాలి.

నిప్పు గురించి విడిగా చెప్పుకోవాలి. బోయి భీమన్న కవితా సంపుటి 'గుడిసెలు కాలిపోతున్నాయ్'కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పేరు వినగానే తెలుగు దేశంలో ఏ దళితుడికీ వివరణ అక్కర్లేదు. ఎండాకాలం పల్లె తగలబడటం ప్రతి జిల్లాలో ఉన్న జ్ఞాపకం. పొయ్యి నిప్పురవ్వ కొన్నిసార్లు, ఊరి నిప్పు కొన్నిసార్లు. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీలవెణ్మణిలో కూలి పెంచమన్న దళిత కూలీల కుటుంబాలు ఒక గుడిసెలోకి దూరి తలుపేసుకుంటే దానికి నిప్పు పెట్టారు. 44 మంది కాలిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. అది పెంకు కప్పిన ఇటుకిల్లయి ఉంటే చంపేవాళ్ళు చంపకుండా వెనక్కి పోయేవాళ్ళా? పోరు. కాని ఒక్క అగ్గిపుల్లతో అయ్యేది కాదు. తాటాకు 'మండే స్వభావం గల పదార్థం' అని మెటీరియల్స్ పాఠంలో ఒక వాక్యం ఉంటుంది. మన చరిత్రలో ఆ వాక్యానికి అర్థం ఇది.

మరి శ్లాబు వేసుకుంటే రక్షణ దొరికిందా? 1985 జులై 17న కారంచేడులో చంపబడ్డవాళ్ళ బంధువులు ఇళ్ళు వదిలి చీరాల వచ్చేశారు, తిరిగి పోలేదు, అక్కడే కొత్త కాలనీ కట్టుకున్నారు. ఇల్లు ఏ వస్తువుతో కట్టాం అన్నదానికన్నా ఏ ఊళ్ళో కట్టాం అన్నది పెద్దదని వాళ్ళు తేల్చుకున్నారు. తమిళనాడు కొడియంకుళంలో గల్ఫ్ డబ్బుతో పల్లర్లు మంచి ఇళ్ళు కట్టుకున్నారు. 1995 ఆగస్టు 31న వందలమంది పోలీసులు ఆ ఊరి మీద పడి టీవీలు, ఫ్యాన్లు పగలగొట్టారు, పాస్‌పోర్టులు, చదువుల సర్టిఫికెట్లు నాశనం చేశారు. 2012 నవంబరు 7న ధర్మపురి జిల్లా నత్తం కాలనీలోనూ పక్క కాలనీల్లోనూ రెండువందల యాభైకి పైగా ఇళ్ళు దోచి తగలబెట్టారు. ఆ దాడుల్లో గుడిసె మీద కన్నా గోడ మీద, గోడ లోపలి వస్తువుల మీద కసి కనిపిస్తుంది. ఇటుక గోడ కట్టిన దళితుడు ఒక పాత ఆజ్ఞని ధిక్కరించినట్టే. అందుకే మనవాడు బాకీ చేసైనా శ్లాబు వేస్తాడు. దాన్ని పట్నం మోజు అనీ, సిమెంటు పిచ్చి అనీ ఎద్దేవా చేసేవాళ్ళకి ఈ చరిత్ర తెలియదు.

కోస్తాలో పక్కా ఇంటి చరిత్రకి 1977 నవంబరు 19 ఒక మలుపు. దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. మట్టిగోడలు నీళ్ళలో కరిగిపోయాయి. ఆ తర్వాత తుఫాను ఇళ్ళు వచ్చాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం పక్కా ఇళ్ళని రాజకీయ వాగ్దానం చేసింది. కేంద్రంలో 1985-86లో ఎస్సీ, ఎస్టీలకీ విముక్తులైన వెట్టి కార్మికులకీ ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది, 1996 నుంచి విడి పథకమైంది. పొగ లేని పొయ్యి, మరుగుదొడ్డి ఆ ఇంట్లో భాగం అని రాసుకున్నారు. కాగితం మీద మంచి ఆలోచనే. ఇల్లు మాత్రం ఇరవై చదరపు మీటర్లు. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చాక అది ఇరవై అయిదయింది. మా ఇంటికి శ్లాబు పడింది 2007లో, ఇందిరమ్మ పథకం కింద. శ్లాబు పోసిన రోజు పల్లెలో పెళ్ళంత సందడి. ఆ రాత్రి మా నాయన కొత్త కప్పు కింద మంచం వేసుకుని చాలాసేపు పైకే చూస్తూ పడుకున్నాడు.

ఇంటి వెనక ఇంకో గది కావాల్సొచ్చింది. దానికి శ్లాబు డబ్బులు లేవు. సిమెంటు రేకు వేశాం. ఏ ఎస్సీ కాలనీకి పోయి చూసినా ఇదే కనిపిస్తుంది. ముందు గదికి ప్రభుత్వ శ్లాబు, వెనక వంటగదికి, వసారాకి, పెళ్ళయిన కొడుకు గదికి సిమెంటు రేకు. 'మట్టి - సిమెంటు' అని చర్చ చేసేవాళ్ళ కంట్లో పడని వస్తువు ఈ రేకు. మన ఊపిరితిత్తులకి సంబంధించినంతవరకు అసలు చర్చ దీని గురించి జరగాలి.

మామూలుగా మనం కొనే సిమెంటు రేకులో సిమెంటుతోపాటు ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. అది ఒక రాతి పీచు. కంటికి కనపడనంత సన్నటి పోగులుగా గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథెలియోమా అనే ఇంకో క్యాన్సర్ దానివల్ల వస్తాయి. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది కాబట్టి కారణం ఫలానా అని ఎవరూ అనుకోరు. తెల్ల ఆస్‌బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం తేల్చింది. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దేశం కొత్త గనుల లీజుల్ని 1986లోనే ఆపింది. పీచు మాత్రం దిగుమతవుతూనే ఉంది, ఎక్కువ భాగం రష్యా నుంచి. అందులో ఎక్కువ పోయేది రేకుల్లోకే.

ఈ కథలో తెలుగు నేలకి గట్టి చోటుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ గనులుండేవి. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లోనే హైదరాబాదు సనత్‌నగర్‌లో సిమెంటు రేకుల ఫ్యాక్టరీ వెలిసింది. చార్మినార్ రేకు అన్న మాట మన ఇళ్ళల్లో ఇంటిపేరంత మామూలు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో ఆరోగ్యం జీవించే హక్కులో భాగం అంది, కార్మికుల ఆరోగ్య రికార్డులు దశాబ్దాల పాటు దాచాలని ఆదేశించింది. ఫ్యాక్టరీ లోపలి కార్మికుడికి ఆ తీర్పు వర్తిస్తుంది. రేకుని ఇంటిదగ్గర రంపంతో కోసేవాడికి, బోల్టు కోసం చిల్లు పెట్టేవాడికి, పగిలిన ముక్కలు ఏరి కోళ్ళగూటికి వేసుకునే ఆడమనిషికి, ఆ పొడిలో ఆడుకునే పిల్లలకి ఏ రికార్డూ లేదు. పగలకుండా ఉన్న రేకు కింద పడుకున్నంత మాత్రాన వెంటనే జబ్బొస్తుందని నేను భయపెట్టడం లేదు. కోసినప్పుడు, పగిలినప్పుడు, పాతబడి పైపొర రాలినప్పుడు ప్రమాదం. మన పల్లెల్లో రేకు ఈ మూడు దశలూ దాటకుండా ఉండదు. దీనికి తోడు ఎండాకాలం ఆ గది పొయ్యి మీద పెనం లెక్క. తాటాకు కింద ఉన్న చల్లదనం పోయి, శ్లాబు కింద ఉన్న భద్రత రాక, రెంటికీ చెడింది రేకు.

ఇక ఆర్కిటెక్టుల దగ్గరికి. వాళ్ళని ఒక్కగాటన కట్టెయ్యడం నాకిష్టం లేదు. లారీ బేకర్ 1917లో ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో పోయాడు. బతుకంతా తక్కువ ఖర్చుతో కట్టాడు. ఇటుకని నిలువుగా పెట్టి మధ్య ఖాళీ వదిలే గోడ వల్ల పావువంతు దాకా ఇటుక మిగులుతుంది, వేడీ తక్కువ. శ్లాబులో కాంక్రీటు పనిచెయ్యని చోట పాత పెంకులు పెట్టడం ఇంకో ఉపాయం. ఇవి మన కాలనీల్లో ఇవాళైనా పనికొచ్చే పనులు. కాని ఆయన పద్ధతిని ఎవరు అందుకున్నారు? ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతి. అదే కేరళలో 1972లో ప్రభుత్వం లక్ష ఇళ్ళ పథకం పెడితే అవి ఒకే గోడ పంచుకునే జంట ఇళ్ళయ్యాయి, ఆ చోట్లకి 'కాలనీ' అన్న పేరు మచ్చలా అంటుకుంది. 2024 జూన్‌లో మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి దిగిపోతూ, ఎస్సీ నివాసాలకి ఆ మాట వాడొద్దని ఆదేశమిచ్చాడు. మన దగ్గర బస్సు కండక్టరు ఇంకా 'కాలనీ ఎవరు, దిగండి' అంటూనే ఉన్నాడు.

ఇంకో దేశం సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఈజిప్టులో హసన్ ఫతి 1940లలో గుర్నా గ్రామస్తుల కోసం పచ్చి ఇటుకలతో, గుమ్మటాలతో కొత్త ఊరు కట్టాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఊరివాళ్ళు మాత్రం పోలేదు. పాత ఊరి దగ్గరే వాళ్ళ బతుకుతెరువు ఉంది, పైగా గుమ్మటం వాళ్ళకి సమాధి గుర్తు. పేదల కోసం కట్టడం అని ఆయన పుస్తకానికి పేరొచ్చింది. పేదల్ని ముందు అడిగి ఉంటే ఊరికి మనుషులొచ్చేవాళ్ళేమో.

దీన్నిబట్టి దళితుడికి ఇంటి అందం మీద, కట్టడం మీద ఆసక్తి లేదనుకోకూడదు. అంబేడ్కర్ బొంబాయి పరేల్‌లో బి.ఐ.టి. చాల్‌లో చిన్న గదుల్లో ఏళ్ళ తరబడి సంసారం చేశాడు. 1930ల మొదట్లో దాదర్‌లో రాజగృహ కట్టించాడు. పై అంతస్తు పుస్తకాలకి. పేరు బౌద్ధుల నాటి నగరానిది. తిండికి వెతుక్కున్న కులంలో పుట్టినవాడు పుస్తకాల కోసం ఇల్లు కట్టడం ఈ దేశపు ఆర్కిటెక్చర్ చరిత్రలో చిన్న సంగతి కాదు. ఏ సిలబస్‌లోనూ లేదు. 2020 జులైలో ఆ ఇంటి ఆవరణలో పడి కుండీలు, కిటికీలు పగలగొట్టినవాళ్ళకి మాత్రం దాని విలువ తెలుసు.

కాబట్టి మట్టికి తిరిగి రమ్మని మనకి చెప్పేవాళ్ళతో ఒక చిన్న లెక్క చెయ్యాలి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదలకి ఇళ్ళ స్థలాలు పంచింది. పట్నాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48 గజాల చిల్లర. ఇల్లు 340 చదరపు అడుగులు. ఇరవై అడుగుల పొడవు, పదిహేడు అడుగుల వెడల్పు అనుకోండి. చుట్టూ అడుగున్నర మందం మట్టిగోడ పెడితే లోపల మిగిలేది 17 ఇంటూ 14, అంటే 238 అడుగులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే దాదాపు 287. నాలుగున్నర అంగుళాల గోడైతే 313. మట్టిగోడకీ నాలుగున్నర గోడకీ తేడా 75 చదరపు అడుగులు. అంటే ఒక చిన్న గది. లోపలి అడ్డగోడలు ఇందులో లెక్క వెయ్యలేదు. దీనికి తోడు మట్టిగోడ తడవకుండా చూరు బయటికి రావాలి, చుట్టూ గట్టు ఉండాలి, ఏడాదికోసారి మెత్తడానికి మన్ను తెచ్చి పొయ్యడానికి చోటుండాలి. అవన్నీ సెంటు స్థలంలో పక్కవాడి గోడకి తగులుతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లకప్పుల విధానం ప్రకటించింది. శ్లాబు మీద తెల్లపూత వేస్తే లోపల వేడి తగ్గుతుంది, అది ఖర్చు తక్కువ పని, ప్రతి కాలనీలో అడగాలి. ప్రభుత్వ పథకాల ఇళ్ళకి ఆస్‌బెస్టాస్ రేకు వాడకూడదని, పాత రేకుల్ని తడిపి, పగలకుండా దించి, ప్రభుత్వ ఖర్చుతో మార్చాలని అడగాలి. రెండో గది శ్లాబుకి కూడా సాయం ఇవ్వకపోతే రేకు పోదు. ఇవన్నీ అడుగుతూనే స్థలం అడగాలి. అయిదు సెంట్లు ఇవ్వండి, అప్పుడు మట్టిగోడ, కిటికీ, వేపచెట్టు నీడ గురించి మాట్లాడదాం. అప్పుడు మావాళ్ళు మట్టి ఎంచుకుంటారో ఇటుక ఎంచుకుంటారో వాళ్ళిష్టం.

ఈ లెక్క గృహనిర్మాణ శాఖలో ఎవరూ వేసినట్టు నాకు కనపడలేదు. మా పల్లె తాపీ మేస్త్రులు ఎప్పుడో వేశారు. కొత్త పట్టా పట్టుకుని ఎవరైనా స్థలం చూపించడానికి తీసుకుపోతే, తాడు బయటికి తియ్యకముందే వాళ్ళడిగే మాట ఒకటే: "నాలుగున్నర గోడే కదా?"